ఇంటి యంత్రాలు: కొత్త చెయిను, పాత పళ్ళు

పోయిన నెల ఈ పేజీలో గ్రైండరు బెల్టు జారుట గురించి వ్రాశాను. ఈ నెల నీళ్ళ మోటారు సంగతి వ్రాస్తానని మాట ఇచ్చాను. మధ్యలో మా ఇంట ఒక సంగతి జరిగి, అది ముందుగా చెప్పవలసి వచ్చినది. అందులో తప్పు నాది. తప్పు చేసినవాడే దిద్దుకున్న తీరు చెబితే నలుగురికీ ఉపయోగమని సిగ్గు విడిచి వ్రాస్తున్నాను.

మా మనవరాలు బెంగళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేసి, ఈ మధ్య కోయంబత్తూరుకే మారి వచ్చింది. వస్తూ వస్తూ ఒక బ్యాటరీ సైకిలు తెచ్చుకున్నది. వీధులలో తిరిగే రకం కాదు. లావు టైర్లు, ముందూ వెనుకా స్ప్రింగులు, వెనుక పది గేర్లు. కొండదారులలో, తేయాకు తోటల మట్టిబాటలలో తొక్కే బండి. ఒకరు వాడినదే కొన్నది. అయినా తన సంపాదనతో కొన్న మొదటి పెద్ద వస్తువు గదా, కంటికి రెప్పలా చూసుకుంటుంది. ఆదివారం వస్తే స్నేహితురాళ్ళతో మేట్టుపాళయం పోయి, అక్కడనుంచి కోటగిరి ఘాటు ఎక్కుతుంది. మా కోడలికి మొదటినుంచీ ఇది గిట్టదు. "కొండదారి, లారీలు, బస్సులు, ఒక్కటి తగిలితే ఎవరిది పూచీ?" అంటుంది. నేను మాత్రం పిల్ల పక్షమే. "యంత్రం సంగతి నేను చూసుకుంటాను లేమ్మా" అని కోడలికి మాట ఇచ్చినవాణ్ణి కూడా నేనే.

మా ఊరివాళ్ళకు మోటారంటే భయం లేదు. 1937లో జి.డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారు కలిసి ఇక్కడ విద్యుత్ మోటారు తయారుచేసిన నాటినుంచి, మోటారు విప్పి బిగించటం మా వీధులలో వంటపని వంటిది. నేనూ ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో మరమ్మత్తు పని చేసినవాణ్ణే. ఆ ధీమాయే నన్ను ముంచింది.

రెండు నెలల కిందట పిల్ల వచ్చి, "తాతా, చెయిను గరగర మంటున్నది" అన్నది. కొలిచి చూశాను. బాగా సాగి ఉన్నది. కొత్త చెయిను తెప్పించి వేశాను. వెనుకనున్న పళ్ళ చక్రాల గుత్తిని, దానినే క్యాసెట్ అంటారు, పైపైన చూసి "ఇది ఇంకా నడుస్తుందిలే, దీని ధర చెయినుకు మూడింతలు, ఎందుకు దండుగ?" అని ఉంచేశాను. వీధిలో రెండు చుట్లు తొక్కి చూశాను. నున్నగా పోయింది. పని అయిందనుకున్నాను.

ఆ ఆదివారం ఘాటులో, మోటారు పూర్తి బలంతో లాగుతుండగా పిల్ల లేచి నిలబడి తొక్కింది. చెయిను పళ్ళమీదనుంచి టక్కున జారింది. కాలికింద ఆధారం పోయి, మోకాలు హ్యాండిలుకు కొట్టుకొని, బండితో సహా పక్క మట్టిలో పడింది. వెనుక బండి ఏదీ రాలేదు గనుక సరిపోయింది. మోకాలికి కట్టుతో ఇంటికి వచ్చింది. కోడలు ఒక్క మాట అన్నది: "మామయ్యా, ఈ వారంలో ఆ సైకిలు అమ్మేయండి." పిల్ల ఏమీ అనలేదు. నా ముఖం చూసి ఊరుకున్నది. ఆమె నన్ను తప్పు పట్టి ఉంటే నాకంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రి క్యాసెట్ విప్పి దీపం కింద పెట్టి చూశాను. మధ్యనున్న మూడు చక్రాల పళ్ళు, కొత్తలో రెండు వైపులా సమంగా ఉండవలసినవి, ఒక పక్కకు ఒరిగి కొక్కేలవలె అయినవి. మిల్లులో ముప్పై ఏళ్ళు ప్రతి అప్రెంటిసుకూ నేను చెప్పిన పాఠం ఒకటున్నది: "పాత పళ్ళమీద కొత్త చెయిను వేయకు." అది నా ఇంట నేనే మరచాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే.

కారణం చెబుతాను. చెయిను సాగటమంటే ఇనుము రబ్బరులాగా సాగటం కాదు. ప్రతి లంకెలోనూ ఉన్న మేకూ, అది తిరిగే రంధ్రమూ పిసరంత అరుగుతాయి. నూరు లంకెలు నూరు పిసర్లు అరిగితే చెయిను పొడుగు అవుతుంది. అట్లా పొడుగైన చెయిను, పళ్ళనుకూడా తనకు సరిపోయేట్టు అరగదీసుకుంటుంది. రెండూ కలిసి ముసలివైతే కొన్నాళ్ళు కాపురం చేస్తాయి. వాటి మధ్యకు కొత్త చెయిను వస్తే, దాని అర అంగుళపు లెక్క సరిగా ఉంటుంది, పళ్ళ లెక్క తప్పి ఉంటుంది. మెల్లగా తొక్కితే కూర్చుంటుంది. బలం పడితే పన్నెక్కి జారుతుంది. వీధిలో నాకు తెలియకపోవటానికి, కొండమీద పిల్లకు తెలియటానికి ఇదే కారణం.

ఈ బండిలో బలం కూడా తక్కువది కాదు. బ్యాటరీ సైకిళ్ళు రెండు రకాలు. కొన్నిటికి మోటారు చక్రం నడుమనే ఉంటుంది. దాని బలం చెయినుకు తగలదు. కొండలకు చేసిన వాటిలో చాలావాటికి మోటారు పెడళ్ళ దగ్గర ఉంటుంది. దాని బలమంతా చెయిను మీదుగానే పోతుంది. మా పిల్ల బండి మోటారు తిప్పుడు బలం 85 న్యూటన్ మీటర్లు. ముందు చక్రానికి 34 పళ్ళుంటే, మోటారు ఒక్కటే చెయినును సుమారు 126 కిలోల బరువు వేలాడదీసినంతగా లాగుతుంది. తొక్కేవారి కాలిబలం ఇంకా దానిమీద. మామూలు సైకిలు చెయిను పదేళ్ళు నడిచింది గదా అని దీనిని అట్లాగే వదిలితే లాభం లేదు.

ఇక చేయవలసిన పని వరుసగా చెబుతాను. మొట్టమొదట మోటారు ఆపి, బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టవలెను. చెయిను మీద వేళ్ళుండగా మోటారు కదిలితే వేళ్ళు దక్కవు.

తరువాత కొలత. దీనికి ఖరీదైన పనిముట్టు అక్కరలేదు. పిల్లల బడి సంచిలోని అంగుళాల ఇనుప స్కేలు చాలును. సైకిలు చెయినులో ఒక మేకునుంచి పక్క మేకుకు అర అంగుళం. కనుక 24 లంకెలకు సరిగా 12 అంగుళాలు రావలెను. చెయినును బిగువుగా పట్టి, ఒక మేకు నడిమినుంచి కొలవండి. 1/16 అంగుళం ఎక్కువ వస్తే అర శాతం సాగినట్టు. 11, 12 గేర్ల బండికి అప్పుడే చెయిను మార్చవలెను. 10 గేర్లు, అంతకు తక్కువ ఉన్నవాటికి ముప్పాతిక శాతం దాకా ఆగవచ్చు. 1/8 అంగుళం ఎక్కువ వస్తే, అంటే 1 శాతం దాటితే, చెయినుతోపాటు క్యాసెట్ కూడా మార్చక తప్పదు. మా బండి ఈ చివరి మెట్టులో ఉన్నది. వేళకు చెయిను మార్చి ఉంటే క్యాసెట్ దక్కేది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవటమంటే ఇది.

చెయిను జారే తీరును బట్టి రోగం పోల్చుకోవచ్చు. ఒకటి రెండు గేర్లలోనే, అదీ బలం పడినప్పుడే జారితే ఆ చక్రాల పళ్ళు అరిగినట్టు. అన్ని గేర్లలోనూ, కొన్ని తొక్కుళ్ళకు ఒకసారి లెక్కగా ఎగిరితే చెయినులో ఒక లంకె బిగుసుకున్నట్టు. చెయిను పళ్ళమీద ఎగరకుండానే పెడలు ముందుకు జారిపోతే వెనుక చక్రం నడిమిలోని ఫ్రీవీలు పట్టు తప్పినట్టు. అది ఇంట చేసే పని కాదు. చెయిను బాగానే ఉండి, మోటారు సాయం వచ్చి పోతూ ఉంటే, వెనుక చక్రపు పుల్లకున్న చిన్న అయస్కాంతం పక్కకు తిరిగిందేమో చూడండి. దానిని సరిగా తిప్పితేనే సగం ఫిర్యాదులు తీరుతాయి.

క్యాసెట్, చెయిను రెండూ కొత్తవి వేశాను. అయినా పెద్ద చక్రాలమీదికి గేరు సరిగా ఎక్కలేదు. తీగ బిగించాను, వదులు చేశాను, కుదరలేదు. చివరికి వెనుక కూర్చొని కంటితో చూస్తే, గేరు మార్చే డిరైలరు లోపలికి వంగి ఉన్నది. పడినప్పుడు దానిని పట్టుకొనే చిన్న అల్యూమినియం ముక్క వంగింది. దానిని హ్యాంగరు అంటారు. చట్రం విరగకుండా తాను వంగటానికే దానిని మెత్తగా చేస్తారు. వెనుకనుంచి చూస్తే డిరైలరు రెండు చిన్న చక్రాలూ పై పళ్ళ చక్రంతో ఒకే నిలువు గీతలో ఉండవలెను. లేకపోతే హ్యాంగరు మార్చి, ఆ తరువాతనే తీగ సవరించవలెను. తీగ మరను ఒక్కసారికి పావు చుట్టు కంటె ఎక్కువ తిప్పవద్దు. ఆ ముక్క ఒక్కో బండికి ఒక్కో ఆకారం. కనుక మరొకటి కొని సీటు కింద సంచిలో ఉంచండి.

ఇంతలో పిల్ల స్నేహబృందంలో ఒకరు, "పన్నెండు గేర్లది వేయించు, అన్నీ మార్చు" అని సలహా చెప్పారు. ఆమెకూ ఆశ పుట్టింది. ఇద్దరం కాగితం మీద లెక్క వేశాము. పన్నెండు గేర్లంటే గేరు మీట, డిరైలరు, క్యాసెట్, చెయిను, కొన్ని బండ్లలో చక్రపు నడిమి భాగం కూడా మార్చవలెను. చెయిను ఇంకా సన్నబడుతుంది. మోటారు ఉన్న బండికి గేర్లు ఎక్కువ ఉండటం కంటె పళ్ళు గట్టిగా ఉండటం ముఖ్యం. పెద్ద కంపెనీలు కూడా ఈ సంగతి గ్రహించినవి. స్రామ్ కంపెనీ 2016లో బ్యాటరీ సైకిళ్ళకోసం ఎనిమిది గేర్ల ఇ.ఎక్స్.1 తెచ్చినది. షిమానో 2021లో మందమైన పళ్ళతో లింక్‌గ్లైడ్ తెచ్చినది. అయితే ఇటువంటి కుటుంబాలలో మీట, డిరైలరు, క్యాసెట్ ఒకే జాతివై ఉండవలెను. ఒకటి మార్చి ఒకటి ఉంచితే గేరు పడదు. పులిని చూసి నక్క వాత పెట్టుకోనక్కరలేదని, పది గేర్లనే ఉంచి, ఉక్కు పళ్ళ క్యాసెట్ వేసుకున్నాము.

ఒక్క మార్పు మాత్రం చేశాము. ముందు చక్రం 38 పళ్ళది తీసి 34 పళ్ళది వేశాము. చెయిను ఒక అంగుళం తగ్గించాము. ఇప్పుడు నిలువు ఎత్తులో కూడా కూర్చొనే, కాళ్ళు చకచకా ఆడిస్తూ ఎక్కవచ్చు. అయితే ఒకటి గుర్తుంచుకోవలెను. అదే తిప్పుడు బలానికి చిన్న చక్రం చెయినును ఎక్కువ లాగుతుంది: 38 పళ్ళకు సుమారు 113 కిలోలైతే, 34 పళ్ళకు 126. కనుక ఈ మార్పు తేలిక గేరులో త్వరగా తొక్కేవారికే మేలు. బరువు గేరులో లేచి నిలబడి కుమ్మేవారికి కాదు.

వేగం కట్టు తెంచే చిప్పు వేయమని చెప్పేవారు కూడా ఉన్నారు. వద్దు. మన దేశపు నియమం ప్రకారం మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపుంటేనే అది రిజిస్ట్రేషను అక్కరలేని సైకిలు. అది దాటితే చట్టం దృష్టిలో మోటారు బండి.

అలవాట్లు మూడే. గేరు మార్చేముందు కాలిబలం ఒక్క క్షణం సడలించండి. ఎత్తు రాకముందే, ఒక్కొక్క గేరుగా దించండి. దుమ్ములో తిరిగి వచ్చిననాడు చెయినును గుడ్డతో తుడిచి, సైకిలు చెయిను నూనె లంకెకు ఒక చుక్క వేసి, పైన మిగిలినది తుడిచివేయండి. కొబ్బరినూనె, గ్రీజు పనికిరావు. నెలకు ఒకసారి స్కేలు పెట్టి కొలవండి.

పని అయిన తరువాత ఈసారి వీధిలో చూసి ఊరుకోలేదు. మరుదమలై రోడ్డు ఎత్తులో, బండ్లు లేని తెల్లవారు జామున, మోటారు పూర్తి బలంలో పెట్టి ప్రతి గేరులోనూ తొక్కించాను. ముందు నేను తొక్కి, తరువాతనే పిల్లకు ఇచ్చాను. ఇంటికి వచ్చి కోడలితో ఉన్నమాట చెప్పాను: "బండిది తప్పు కాదమ్మా, పిల్లది అసలే కాదు. డబ్బు మిగులుతుందని నేను సగం పని చేశాను." ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత లోపలికి పోయి, పిల్ల బడి రోజుల నాటి ఇనుప స్కేలు వెదికి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నెలనెలా మీరు కొలిచేటప్పుడు నన్ను కూడా పిలవండి, మామయ్యా. నేను చూసిన తరువాతనే అది గడప దాటుతుంది" అన్నది.

పోయిన ఆదివారం కొలిచాము. 24 లంకెలు, సరిగా 12 అంగుళాలు. కోడలే చదివి చెప్పింది. పిల్ల కోటగిరి పోయి మధ్యాహ్న భోజనానికి తిరిగి వచ్చింది.

మీ ఇంట కూడా ఇటువంటి బండి ఉంటే, ఈ పేజీ చదివిన రోజే స్కేలు తీయండి. వచ్చే నెల నీళ్ళ మోటారు సంగతి తప్పక వ్రాస్తాను.