గడియారానికి తన తప్పు తెలీదు

పోయిన నెల ఓ రాత్రి మా టీమ్‌కి నిద్ర లేదు. ఓ సర్వర్‌లోకి ఎవరు లాగిన్ అవుదామన్నా కోడ్ తప్పు అంటోంది. అన్నీ వెతికితే చివరికి తేలిందేంటంటే, ఆ సర్వర్ గడియారం ఒకటిన్నర నిమిషం వెనకబడింది. ఆథెంటికేటర్ యాప్‌లో కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది కదా. టైమ్ కలవకపోతే సరైన కోడ్ కూడా తప్పే.

బయట ఉన్న టైమ్ సర్వర్‌తో సరిచూసుకునే సర్వీస్ ఎప్పుడో ఆగిపోయిందట. అప్పట్నుంచి రోజుకి సెకనో, అరసెకనో వెనక్కి జరుగుతూ వచ్చింది. తన లెక్కలో తను కరెక్టే! ఒంటరిగా ఉన్నంతకాలం దాని తప్పు దానికి తెలిసే దారే లేదు.

మర్నాడు పొద్దున అమ్మ ఫోన్. "ప్రార్థన చేసుకున్నావా నాన్నా?"

"ఆ, అయిందమ్మా" అన్నాను. అవలేదు. దాదాపు మూడు నెలలుగా అవలేదు. ఆ అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో చూసి నాకే భయమేసింది.

అలాగని దేవుణ్ణి వదిలేశానని ఎవరూ అనుకోరు. వాట్సాప్ స్టేటస్‌లో రోజూ వాగ్దాన వచనం పెట్టేవాణ్ణి. బైబిల్ యాప్‌లో స్ట్రీక్ తెగకుండా ఓపెన్ చేసి, చదవకుండానే మూసేసేవాణ్ణి. ఆదివారం ఆరాధన యూట్యూబ్‌లో, 1.5 స్పీడ్‌లో, టిఫిన్ తింటూ.

హెబ్రీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం మొదట్లోనే ఈ హెచ్చరిక ఉంది. విన్న సంగతుల్ని గట్టిగా పట్టుకోకపోతే కొట్టుకుపోతామని. దానికి ఎదురు తిరగక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు.

దానియేలు అనగానే మనకి సండేస్కూల్ నుంచీ సింహాల గుహే గుర్తొస్తుంది. ఈసారి 6వ అధ్యాయం నెమ్మదిగా చదివాను. ఆయన పరాయి దేశంలో పెద్ద ఉద్యోగి. 120 మంది అధిపతుల మీద ఉన్న ముగ్గురిలో ఒకడు. మనకన్నా పని ఒత్తిడి తక్కువేం ఉండదు. అయినా రోజుకి మూడుసార్లు, యెరూషలేము వైపు తెరిచిన కిటికీ దగ్గర మోకరించేవాడు. ప్రార్థన చేయకూడదని రాజాజ్ఞ వచ్చిన రోజు కూడా, ఎప్పుడూ చేసేదే చేశాడు. గుహలో నిలబెట్టిన విశ్వాసం ఆ కిటికీ దగ్గరే గట్టిపడింది.

ఆ సాయంత్రం అమ్మకి నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరేలే, ఇప్పుడు చేసుకుందాం రా" అని ఫోన్‌లోనే ప్రార్థన మొదలుపెట్టింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇప్పుడు పొద్దున్నే 15 నిమిషాలు ఫోన్ పక్క గదిలో ఉంటుంది, చేతిలో పేపర్ బైబిల్ ఉంటుంది. ఆదివారం చర్చికే వెళ్తున్నా. శనివారం రాత్రి ఓ ఫ్రెండ్ "ఈ వారం నిజంగా ఎలా గడిచింది?" అని అడుగుతాడు. "బాగానే" అంటే వదలడు. ఇప్పటికి నాలుగు రోజులు తప్పాను కూడా. తప్పిన మర్నాడు మళ్లీ కూర్చున్నాను.

సర్వర్ కూడా ఒకసారి టైమ్ దిద్దుకుని ఊరుకోదు. మామూలు సెట్టింగ్‌లో 64 నుంచి 1024 సెకన్లకోసారి మళ్లీ అడుగుతూనే ఉంటుంది. మనం రోజుకొక్కసారైనా అడగొద్దూ?

మిమ్మల్ని కూడా అమ్మో, అక్కో "ప్రార్థన చేసుకున్నావా?" అని అడిగితే, ఈసారి నిజం చెప్పి చూడండి. దారి అక్కడే మొదలవుతుంది.