మన్యము నిర్జనము కాదు

తూర్పు కనుమల శిఖరములను కాలినడకను ఎక్కుటయు, ఎక్కినచోట ఛాయాచిత్రములు తీయుటయు మన యువకులకు ఇటీవల మిక్కిలి ప్రీతిపాత్రమైన వినోదమైనది. పాడేరు చెంతనున్న వంజంగి కొండపైనుండి వేకువజామున మేఘములు పాలసముద్రమువలె పరచుకొనుటను చూచుటకు శీతకాలమున జనులు తండోపతండములుగా పోవుచున్నారు. లంబసింగి మంచు సంగతి చెప్పనేల? ఈ యభిరుచిని మేము నిందింపము. తన దేశమును తన పాదములతో కొలిచినవాడు దానిని మరువజాలడు. కాని యీ వినోదముతో పాటు, కొండలు నిర్జనములనియు, అవి చూడవచ్చినవాని సొత్తనియు ఒక తప్పుడు భావము వ్యాపించుచున్నది. దీనిని గూర్చి చోడవరము, చీడికాడ ప్రాంతముల పాఠకులు ప్రత్యేకముగా ఆలోచింపవలసి యున్నది.

చీడికాడ కనుమల పాదమున నున్న మండలము. 2022లో విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇందలి కోనాము వద్ద బొడ్డేటికి అడ్డముగా కట్టిన జలాశయము గలదు. ముందు నీరు, వెనుక పచ్చని కొండలు. కెమెరా చేతనున్నవాడు ఊరక పోజాలని చోటు. ఆ బొడ్డేరు కొండలనుండి దిగివచ్చి శారదానదిలో కలియుచున్నది. అదే శారదపై దేవరాపల్లె చెంతనున్న రైవాడ జలాశయమునుండి విశాఖపట్టణమునకు త్రాగునీరు పోవుచున్నది. అనకాపల్లి బెల్లమునకు కీర్తి తెచ్చిన చెఱకు ఈ నదుల నీటితో పెరిగినది. కావున కొండ మనకు కంటివిందు మాత్రమే యని తలచువాడు తన పొలమునే యెఱుగనివాడు. కొండమీది చెట్టు పోయినచో వానకు మన్ను జారి జలాశయమున మేట వేయును. వేసవిలో ఊట తగ్గును. ఈ లెక్క మన రైతులకు వేరొకరు చెప్పనక్కరలేదు.

ఛాయాచిత్రమునకు గల శక్తి సామాన్యమైనది కాదు. అమెరికాలో కార్లెటన్ వాట్కిన్సు 1861లో యోసెమైటీ లోయను చిత్రించెను. 1864లో ఆ లోయను ప్రజల నిమిత్తము కాపాడు శాసనముపై లింకను సంతకము చేసెను. ఆన్సెల్ ఆడమ్సు తీసిన సియెరా నెవాడా చిత్రములు 1940లో కింగ్సు కెన్యను జాతీయవనము ఏర్పడుటకు తోడ్పడినవి. ఇది మెచ్చదగిన మేలే. అయితే ఆ చిత్రములలో కానరానిది యొకటి గలదు. యోసెమైటీలో తరతరములుగా నివసించిన అవానీచీ జాతివారిని 1851లో సాయుధదళము తరిమివేసినది. మనుష్యస్పర్శ లేని యడవియని లోకము కొనియాడిన చోటు, మనుష్యులను వెడలగొట్టిన చోటే. మన దేశమునందును 1863 మొదలు 1866 వఱకు శామ్యూలు బోర్ను హిమాలయములను చిత్రించెను. ఆయన గాజుపలకలను, మందులను, గుడారములను మోసినవారు పదులకొలది కూలీలు. చిత్రములపై ఆయన పేరు నిలిచినది. మోసిన భుజముల పేర్లు నిలువలేదు.

మన మన్యపు చరిత్ర ఇంతకంటె వేరుగా నున్నదా? 1882 నాటి మద్రాసు అటవీశాసనము గిరిజనుల పోడునకును, అడవిలో వారి రాకపోకలకును అడ్డు కట్టినది. గూడెము ప్రాంతమున బాటలు వేయించుటలో డిప్యూటీ తహశీలుదారు బాస్టియను వారిచే చాలని కూలికి చాకిరి చేయించెను. ఆ కడుపుమంట 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చింతపల్లి పోలీసు ఠాణాపై పడినది. నేడు మనము బండ్లపై సుఖముగా ఎక్కిపోవు కొండలలో ఆ చెమటయు, ఆ రక్తమును ఇంకి యున్నవి.

ఇక చీడికాడ విషయమున మఱియొక చిక్కు గలదు. పాడేరు, చింతపల్లి మండలములు రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు క్రింద నున్నవి. జనులు 1/70 చట్టమని పిలుచు నిబంధన అచ్చట గిరిజనేతరులు భూమి కొనుటను నిషేధించుచున్నది. చీడికాడ ఆ గీతకు వెలుపల నున్నది. కొండలుగాని, కొండలపై నుండు గిరిజన పల్లెలుగాని ఆ గీత నెఱుగవు. గీతకు ఆవలివారికి చట్టము కంచెగా నిలిచియుండగా, ఈవలివారు బేరగాండ్ర యెదుట ఒంటరిగా నిలువవలసి యున్నది. చిత్రము చూచి నేడు యాత్రికుడు వచ్చును. యాత్రికుని చూచి రేపు విడిది కట్టువాడు వచ్చును. అంతేకాదు, జిల్లాలోని కొండపల్లెలు పెక్కింటికి నేటికిని సరియైన బాట లేదు. రోగిని, గర్భిణిని డోలీ కట్టి భుజములపై మోసి దింపుచున్న వార్తలు పత్రికలలో తఱచు వచ్చుచున్నవి. మనకు విహారమైన కాలిబాటయే వారికి ఆసుపత్రి దారి!

యాత్రికుల రాకవలన పల్లెకు రాబడి కలుగునని కొందఱందురు. కలుగవచ్చును, మేము కాదనము. భోజనము పెట్టినవాడును, దారి చూపినవాడును ఆ పల్లెవాడే యైనచో ఆ రాబడి న్యాయమైనది. లాభము పట్టణమునకును, చెత్త కొండకును మిగిలినచో అది దోపిడి. 2006 నాటి అటవీహక్కుల చట్టము షెడ్యూలు గీతతో నిమిత్తము లేక వర్తించును. అడవిని, నీటి పరీవాహక ప్రాంతములను కాపాడు అధికారమును అది గ్రామసభకు ఒసగినది. ముందు హక్కుపత్రములు ఇచ్చి, గ్రామసభ మాట విని, పిమ్మటనే విహారస్థలముల మాట యెత్తుట ప్రభుత్వమునకు ధర్మము. షెడ్యూలునకు వెలుపలనున్న గిరిజన గ్రామములను అందు చేర్పవలెనను చిరకాలపు కోరికను ఇక నాన్చరాదు.

యువకులకు మా మాట యిది. కొండ యెక్కుడు, చిత్రములు తీయుడు. పల్లెవానినే దారిచూపరిగా తీసికొని తగిన కూలి యిండు. మనిషి పటము తీయుటకు ముందు అతని నడుగుడు. కొనిపోయిన ప్లాస్టికును మరల క్రిందికి తెండు. మేఘమును చిత్రించిన కెమెరాతోనే డోలీని, బాటలేని పల్లెను, ఎండిన ఊటను చిత్రింపుడు. అట్టి చిత్రమును అధికారి యెదుట నుంచుటకు మన భూస్వాములును, పట్టణవాసులును వెనుదీయరాదు. వారి గాదెయు, వారి కుండయు నిండుట ఆ కొండ చలువవలననే గదా!