శీతకాలమున అరకు రైలు

మిరప కోతలు ముమ్మరము కాకమునుపు, మార్గశిర మాసమున, నల్లరేగడి సమతలమునే చూచి పెరిగిన పొన్నూరు ప్రాంతపు మనవారు నిడుబ్రోలు స్టేషనున రైలెక్కి, విశాఖ చేరి, ఉదయమున బయలుదేరు కిరండూల్ ప్యాసింజరులో అరకు వఱకైనను పోయి రావలెనని నా దృఢాభిప్రాయము.

బైలాడిలా ఇనుప ఖనిజమును జపానునకు పంపుటకై 1960వ దశకమున నిర్మింపబడిన ఈ మార్గము, శృంగవరపుకోట దాటినది మొదలు సొరంగము వెనుక సొరంగముగా తూర్పు కనుమలలోనికి చొచ్చి, బొఱ్ఱా గుహల మీదుగా సాగి, సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తుననున్న శిమిలిగుడకు ఎగబ్రాకును. లోయలనిండ మంచు, అది విచ్చిన చోట్ల పసుపుపచ్చని వలిసెపూల చేలు, అనంతగిరి వాలులపై చెట్లనీడను కాఫీతోటలు! ఇంతటి శోభను తాపీగా నడచు బండియే చూపగలదు. వేగము ఇచ్చట లాభము కాదు, నష్టము.

2017లో ప్రవేశపెట్టిన గాజుకప్పు పెట్టె రమణీయమే; కాని ఆ సౌఖ్యము కొందఱికే లభ్యము. సంతకు గంపలతో పోవు గిరిజనులును, దూరమునుండి వచ్చిన కూలిజనమును కూర్చుండు సాధారణపు పెట్టెలను ఏనాడును తగ్గింపరాదు. చలికాలమున మఱి రెండు చేర్చినచో, మన మిరపరైతు కుటుంబమునకు గూడ కిటికీ ప్రక్కను చోటు దొరకును.