గూడు కదిపినా వేటే

తీతువు పిట్ట చెట్టెక్కి గూడు కట్టదు. ఎండలు ముదిరే వేళ బోడి నేల మీద, గులకరాళ్ల నడుమ, ఆ రాళ్ల రంగులోనే గుడ్లు పెట్టి పొదుగుతుంది. అటవీ పార్కుల్లో నడకదారుల పనులకు ఊపొచ్చేదీ ఆ రోజుల్లోనే. మార్చి 31లోగా నిధులు ఖర్చు చూపాలి, వానలు పడేలోగా పని తెమలాలి. ట్రాక్టరు వచ్చి ఒక్క కుప్ప మొరం దించిపోతే కింద గుడ్లున్నాయన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఈ ఆనవాయితీ మానుకోవాలి. ఫిబ్రవరి నుంచి వానాకాలం ముగిసేదాకా హైదరాబాద్ అడవుల్లో దారుల పనులు, చెట్ల నరికివేత పూర్తిగా ఆపాలి.

ఇది పక్షిప్రేమికుల సుకుమారం కాదు, చట్టం చెప్పిన మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనంలో తుపాకీ, ఉచ్చు మాత్రమే లేవు, అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లు కదపడం కూడా ఉన్నాయి. జాతీయ ఉద్యానాల విషయంలో 35వ సెక్షన్ మరీ గట్టిది. వన్యప్రాణుల మేలుకు అవసరమని తేలితే తప్ప వాటి ఆవాసాన్ని దెబ్బతీసే పనికి అనుమతి ఇవ్వకూడదంటుంది. సందర్శకుల సౌకర్యం అన్న మాట ఆ నిబంధనలో కనిపించదు. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు మృగవని మూడూ జాతీయ ఉద్యానాలే. హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటస్థలం. వేట మాన్పించి 1975లో కృష్ణజింకలకు అప్పగించిన చోట పలుగూ పారా వేటాడకూడదు కదా!

పాలపిట్ట సంగతి చూడండి. దసరా నాడు దాని దర్శనం కోసం ఊరి పొలిమేరల దాకా వెళతాం. తెలంగాణ రాష్ట్ర పక్షి అని గొప్పగా చెప్పుకుంటాం. అది కాపురం పెట్టేది వేసవిలో, ఎండు మానుల తొర్రల్లో. చిలకలదీ అదే దారి. దారి పక్కన మోడు కనిపిస్తే అందం చెడిందనో, మీద పడుతుందనో కొట్టేస్తారు. దసరాకు దండం పెట్టి ఉగాదికి ఇల్లు కూల్చడమంటే ఇదే. పడిపోయే ప్రమాదం నిజంగా ఉంటే కొమ్మలు తగ్గించవచ్చు, దారినే నాలుగు అడుగులు పక్కకు జరపవచ్చు. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టడం మరో జాడ్యం. ఆ ఆకుల కిందే పురుగూ పుట్రా, వాటిని నమ్ముకునే పిట్టలూ బతుకుతాయి.

నడిచేవాళ్ల అవసరాలు తక్కువవేమీ కావు. తెల్లవారుజామున వచ్చే పెద్దలకు జారని నేల కావాలి, ఎక్కుడు చోట పట్టుకోవడానికి చేపట్టు కావాలి, గేటు దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు కావాలి. చక్రాల కుర్చీ వెళ్లేందుకు గేటు నుంచి కొంత మేర చదునైన దారి వేయవలసిందే. కానీ అడవి లోపలంతా సిమెంటు పలకలు పరిచి, విద్యుద్దీపాలు నిలబెట్టి, స్పీకర్లలో పాటలు పెట్టమని ఏ మోకాలి నొప్పీ అడగలేదు. మోకాళ్లకు మట్టిదారే హాయి. వానకు అది కోసుకుపోతోందంటే పక్కన కాలువ సరిగా తీయలేదని అర్థం.

వానలు వెనకపట్టిన నవంబరు నుంచి జనవరి దాకా నేల మెత్తగా ఉంటుంది, గూళ్లు చాలావరకు ఖాళీ అయి ఉంటాయి. ఎండా వానా లేని ఆ మూడు నెలల్లోనే పనులు పెట్టుకోవాలి. ఆ తేదీలు టెండరు షరతుల్లోనే రాయాలి. బిల్లు చెల్లించే ముందు గుత్తేదారు సంతకంతో పాటు పార్కు బీట్ ఆఫీసరు సంతకమూ అడగాలి. ఇక దారి పక్కనే తీతువు గుడ్లు కనబడితే చేయాల్సింది పెద్ద పనేం కాదు. అటూ ఇటూ తాడు కట్టి, ‘చుట్టూ తిరిగి వెళ్లండి’ అని ఓ బోర్డు పెట్టాలి. నెల తిరక్కుండానే పిల్లలు గుడ్డులోంచి వచ్చి తల్లి వెంట నడిచిపోతాయి, తాడు విప్పేయవచ్చు.