డాక్టరు దగ్గర అక్కరకొచ్చే ఇంగ్లిష్

అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైనే ఉన్నారు. మెక్సికో, క్యూబా, గ్వాటెమాలా, డొమినికన్ రిపబ్లిక్ లాంటి దేశాల నుంచి పడుచు వయసులో వచ్చి, తోటల్లో, హోటళ్ల వంటిళ్లలో, భవన నిర్మాణంలో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు వారిలో ఎందరో. పనిచోట పక్కనున్నవాళ్లదీ స్పానిషే కావడంతో చాలామందికి ఇంగ్లిష్‌తో పెద్దగా అవసరం పడలేదు. అరవై దాటి, మోకాళ్లు మొరాయించి, బీపీ, షుగర్ పలకరించాక ఆ అవసరం ఒక్కసారిగా మీద పడుతుంది.

ఆస్పత్రి ఇంగ్లిష్‌లో డాక్టర్లు వాడే పెద్ద మాటలే వీళ్లను భయపెడతాయని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దాదాపు తలకిందులు. హైపర్‌టెన్షన్, ఆర్థ్రైటిస్, డయాబెటిస్, ఆస్టియోపొరోసిస్ వంటివి గ్రీకు, లాటిన్ మూలాల నుంచి రెండు భాషల్లోకీ వచ్చినవే. పలికే తీరు వేరైనా, కాగితం మీద చూస్తే స్పానిష్ చదవగలిగినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. గొంతు పట్టేసేది చిన్న మాటల దగ్గర. కళ్లు తిరిగితే 'డిజీ', తిమ్మిరెక్కితే 'నమ్', వాస్తే 'స్వెల్లింగ్', దురద పెడితే 'ఇచింగ్' అనాలి. ఇవి ఇంగ్లిష్‌వాళ్ల ఇంటి మాటలు, స్పానిష్‌లో వీటికి చుట్టాలు లేరు. ఇక 'త్రో అప్' అంటే వాంతి చేసుకోవడం, 'పాస్ అవుట్' అంటే స్పృహ తప్పడం, 'పాస్ అవే' అంటే చనిపోవడం. విడివిడిగా ఆ ముక్కల అర్థం తెలిసినా కలిపితే ఏమవుతుందో ఊహకు అందదు.

వయసు మళ్లినవాళ్ల వైద్యం నడిచేది ఈ చిన్న మాటల మీదే. నొప్పి పొడిచినట్టుందా, మండుతోందా, లాగుతోందా, లేచి నిలబడితేనే కళ్లు తిరుగుతున్నాయా అని డాక్టరు అడిగేది రక్త పరీక్షలో తెలియని సంగతి కోసం. ఆ ప్రశ్నకు పెద్దాయన మొహమాటంగా నవ్వి తలూపితే, అది అవునో కాదో తెలియకుండానే చీటీ తయారవుతుంది.

తెలిసినట్టే ఉండి దారి తప్పించే మాటలు మరీ ప్రమాదం. మందు సీసా మీద రోజుకు ఒకసారి అని చెప్పే ఇంగ్లిష్ మాట 'వన్స్'. అవే అక్షరాలను స్పానిష్‌లో చదివితే 'ఓన్సె', అంటే పదకొండు. వృద్ధాప్యానికి సంబంధించి అంతకంటే లోతుగా తగిలేది 'హాస్పిస్'. నయం కాని జబ్బుతో చివరి నెలల్లో ఉన్న మనిషికి నొప్పి తగ్గించి, ఇంటిల్లిపాదికీ ఆసరాగా నిలిచే సేవ అది. ఎక్కువగా రోగి సొంత ఇంట్లోనే అందుతుంది. స్పానిష్‌లో దానికి దగ్గరగా వినిపించే 'ఓస్పీసియో' మాత్రం అనాథలను, దిక్కులేనివాళ్లను చేర్చే చోటును గుర్తుకు తెస్తుంది. కన్నతండ్రిని అలాంటి చోట వదిలేయమంటున్నారని కూతురు అపార్థం చేసుకుంటే, ఆ పెద్దాయనకు అందాల్సిన ఉపశమనం అందకుండానే పోతుంది.

ఒక్క మాట ఎంత పని చేయగలదో 1980లో దక్షిణ ఫ్లోరిడాలో జరిగిన ఘటన చూపించింది. స్పృహలేని 18 ఏళ్ల కుర్రాణ్ని క్యూబా మూలాలున్న అతని కుటుంబం ఆస్పత్రికి తెచ్చింది. తిన్నది వికటించిందేమోనన్న ఉద్దేశంతో వాళ్లు అతను 'ఇన్‌తోక్సికాదో' అని చెప్పారు. వైద్యులు దాన్ని ఇంగ్లిష్ 'ఇంటాక్సికేటెడ్'గా విని, మాదకద్రవ్యాల మత్తుగా తీసుకుని ఆ వైద్యమే చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. అది బయటపడేసరికి ఆలస్యమైంది, కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. శిక్షణ పొందిన దుబాసీని ఎవరూ పిలవలేదు. కేసు చివరకు అతని జీవితకాలంలో సుమారు 7.1 కోట్ల డాలర్లు చెల్లించే ఒప్పందంతో ముగిసింది.

దుబాసీ లేని చోట ఆ బరువు ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. అమ్మమ్మ గర్భాశయ సమస్యను పన్నెండేళ్ల మనవడు డాక్టరుకు చెప్పాలి. ఆమె సగం దాస్తుంది, వాడికి మిగతా సగం అర్థం కాదు. 2003లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం స్పానిష్ మాట్లాడే కుటుంబాలు పిల్లలను చూపించుకున్న 13 సందర్భాలను రికార్డు చేసి పరిశీలించింది. ఒక్కో సందర్భానికి సగటున 31 అనువాద పొరపాట్లు దొరికాయి. వాటిలో 63 శాతం వైద్యాన్ని పక్కదారి పట్టించగలిగినవి. నోటితో తాగించాల్సిన యాంటీబయాటిక్‌ను బిడ్డ చెవుల్లో పోయమని తల్లికి చెప్పిన ఉదంతం కూడా అందులో ఉంది. శిక్షణ లేనివాళ్లు దుబాసీలుగా ఉన్నప్పుడు ప్రమాదకరమైన పొరపాట్లు ఎక్కువగా దొర్లాయి.

అందుకే ఈ పెద్దల కోసం నడిపే ఇంగ్లిష్ తరగతుల పద్ధతి మారాలి. డెబ్బై ఏళ్ల మనిషిని రంగుల పేర్లతో, క్రియారూపాలతో మొదలుపెట్టించడం ఆయన కాలాన్ని వృథా చేయడమే. మొదటి పాఠంలో నేర్పాల్సిన వాక్యం 'నాకు స్పానిష్ ఇంటర్‌ప్రెటర్ కావాలి' అన్నది. తర్వాత ఒంట్లో తోచే బాధల పేర్లు, పడని మందులు, వాడుతున్న మాత్రల జాబితా, సీసా మీది సూచనలు, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి చిరునామా చెప్పడం. 65 దాటినవాళ్లకు ప్రధానంగా వర్తించే మెడికేర్‌కూ, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉద్దేశించిన మెడికెయిడ్‌కూ తేడా నేర్పాలి. రెండూ 1965లో ఒకే చట్టంతో వచ్చాయి. పేర్లు కూడా దగ్గరగా ఉండి తికమకపెడతాయి. డాక్టరు చెప్పింది తిరిగి ఆయనకే అప్పజెప్పి, సరిగ్గానే అర్థమైందా అని అడగడం కూడా పాఠంలో భాగం కావాలి. లాటినో పేటల్లో ఇంటింటికీ తిరిగే 'ప్రోమోతోరా'లు, అంటే ఆ సమాజంలోంచే వచ్చిన ఆరోగ్య కార్యకర్తలు, ఇలాంటి పాఠాలకు తగినవాళ్లు. ఏ ఇంట్లో షుగర్ ఉందో, ఎవరికి అక్షరాలు రావో వాళ్లకు తెలుసు.

ఇంత నేర్పినా దుబాసీ అవసరం తీరదు, తీరిందని ఆస్పత్రులు చేతులు దులుపుకోకూడదు. వృద్ధాప్యంలో కొత్త భాష ఎంత కష్టమో అమెరికా ప్రభుత్వానికే తెలుసు. గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉన్న 50 ఏళ్లవాళ్లకు, 15 ఏళ్లు ఉన్న 55 ఏళ్లవాళ్లకు పౌరసత్వ పరీక్షలో ఇంగ్లిష్ నుంచి మినహాయింపు ఉంది. పౌరశాస్త్ర ప్రశ్నలకు సొంత భాషలోనే జవాబు చెప్పొచ్చు. పౌరసత్వానికి చూపిన ఈ ఔదార్యం ప్రాణానికి చూపకపోతే ఎలా? 2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటిస్తూ, ఇంగ్లిష్ అంతగా రానివాళ్లకు ప్రభుత్వ సేవలు అందుబాటులో ఉంచాలని 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేశారు. అయితే 1964 నాటి పౌరహక్కుల చట్టం, 2010 నాటి ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ఆ ఉత్తర్వుతో పోయేవి కావు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలని వాటి సారాంశం. ఉత్తర్వు పోయిందన్న సాకుతో ఏ ఆస్పత్రీ ఆ బాధ్యత నుంచి తప్పుకోకుండా చూడాలి.

మెదడు వైపు నుంచి చూసినా దుబాసీ అవసరం తీరదనే తేలుతుంది. 2013లో వెలువడిన అధ్యయనంలో హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన డాక్టర్ సువర్ణ అల్లాది బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు భాషలు వచ్చినవాళ్లలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించింది. చదువు లేనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. ఏళ్ల తరబడి రెండు భాషల్లో బతికినవాళ్ల సంగతి అది. ముసలితనంలో మొదలుపెట్టిన ఇంగ్లిష్ అంత రక్ష ఇస్తుందని దాన్నిబట్టి చెప్పలేం. పైగా డిమెన్షియా ముదిరాక చాలామందిలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. అప్పుడు స్పానిష్ తెలిసిన నర్సు పక్కన ఉండటం వైద్యంలో భాగమే అవుతుంది.

పిల్లల దగ్గరికి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకూ ఆస్పత్రిలో ఉచితంగా దుబాసీని పొందే హక్కు వర్తిస్తుంది. అక్కడి ఆస్పత్రిలో ఫోన్ ద్వారానైనా తెలుగు దుబాసీని అడగవచ్చు, కొడుకో కోడలో సెలవు పెట్టి రావాల్సిన పని లేదు. ఇక సొంతగడ్డ మీద, హైదరాబాద్, విజయవాడ ఆస్పత్రుల్లో, తెలుగు తప్ప మరొకటి చదవలేని రోగి చేతిలో ఇంగ్లిష్ డిశ్చార్జ్ సమ్మరీ పెట్టి పంపడం మామూలైపోయింది.

రోగి భాషలోనే సూచనలు ఇవ్వడం సాధ్యమే. కాలిఫోర్నియా 2015లో చేసిన చట్టం ప్రకారం, రోగి కోరితే మందుల షాపు వాడకం సూచనలను స్పానిష్, చైనీస్, కొరియన్, రష్యన్, వియత్నమీస్‌లలో అనువదించి ఇవ్వాలి. ఆ సూచనలను రాష్ట్ర ఫార్మసీ బోర్డు ముందే తయారుచేసి ఉంచింది. మిగతా అమెరికా రాష్ట్రాలు దాన్ని తీసుకోవాలి. ఏ మాత్ర ఎప్పుడు, తిన్నాకా తినకముందా, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి అన్న సంగతులతో తెలుగులో ఒక పేజీ ఇవ్వడాన్ని ఇక్కడి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ పెద్దాస్పత్రులతోనే మొదలుపెట్టవచ్చు.