రొట్టె డబ్బా ఎందుకు దాచుకుంటున్నం?

 

మేము మహబూబ్‌నగర్ దిక్కు తండాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న పండుగ సెలవులు అయిపోయి తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌ల కాచిగూడల దిగినం. ఆకలి దంచుతుంది. స్టేషన్‌ల చైనీస్ నూడుల్స్ కౌంటర్ కాడ నిలబడ్డం. నూడుల్స్ ముందే ఉడకబెట్టి నూనె కలిపి పెట్టిండ్రు, క్యాబేజీ, క్యారెట్ తరిగి పెట్టిండ్రు. పెద్ద మంట మీద కడాయి, ఇంత సోయా సాస్, ఇంత వెనిగర్. మూడు నిమిషాలల్ల ప్లేట్ చేతికొచ్చింది.

మా సంచులల్ల అమ్మలు తెల్లారక ముందే లేచి చేసిచ్చిన జొన్నరొట్టెలు ఉన్నయి. రైల్ల తీయలేదు, పక్కోళ్లు చూస్తరని. ప్లాట్‌ఫారం మీద తీయలేదు. హాస్టల్‌ల కూడా తీయలేదు. రెండు రోజులకు వాసనొస్తే పారేసినం. అమ్మ ఫోన్ చేసి "రొట్టెలు తిన్నరా బిడ్డా" అంటే "తిన్నం" అని చెప్పినం.

మన పెద్దలు కొందరు "నూడుల్స్ తిని పిల్లలు సంస్కృతి మరిచిపోతున్నరు" అంటరు. మేము ఒప్పుకోం. నూడుల్స్ తినుడు తప్పు కాదు. రొట్టె దాచుకునుడు తప్పు.

ఆ కౌంటర్ బోర్డు మీద 'హక్కా' అని ఉంటది. ఇన్నాళ్లు అది రుచి పేరనుకున్నం. హక్కా అంటే దక్షిణ చైనాలోని ఒక జనం. ఆ మాటకు అతిథి కుటుంబాలు అని అర్థం. వాళ్లల్ల కొందరు బతుకుదెరువు కోసం కలకత్తాకు వచ్చి ట్యాంగ్రాలో తోళ్ల పని పట్టుకున్నరు. నలుగురు తక్కువ చూసే పని అది. 1962 యుద్ధం అప్పుడు చైనా మూలాలున్న వేల మందిని రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపులో పెట్టిండ్రు. ఇంత జరిగినా వాళ్లు తమ తిండిని దాచుకోలేదు. ఇక్కడి నాలుకకు తగ్గట్టు కారం, మసాలా మార్చి హోటళ్లు పెట్టిండ్రు. ఇయ్యాల ఆ తిండి లేని స్టేషన్ ఏది?

వలస మనకేం కొత్త? పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మన తాతలు రొట్టె మూట కట్టుకొని పోయి డ్యాములు, కాలువలు కట్టిండ్రు. వాళ్లెక్కిన స్టేషన్‌ల వాళ్ల రొట్టెకు మాత్రం కౌంటర్ లేదు.

2023 నుంచి రైల్వే కొన్ని స్టేషన్లల్ల జనరల్ బోగీల కాడ 20 రూపాయలకు పూరీలు, ఆలుగడ్డ కూర పెడుతున్నది. మంచిదే. కానీ అదే 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. పూరీ పెట్టినోళ్లకు జొన్నరొట్టె ఎందుకు యాదికి రాలేదు? మనం అడగలేదు కాబట్టి.

2022-23 కేంద్ర బడ్జెట్‌ల 'ఒక స్టేషన్ – ఒక ఉత్పత్తి' అని చెప్పిండ్రు. చేనేతతో పాటు స్థానిక తిండి వస్తువులకూ, అడవి ఉత్పత్తులకూ అందుల చోటుంది. మహబూబ్‌నగర్‌ల, నల్లగొండల తండా మహిళా సంఘాలు జొన్నరొట్టె, పచ్చికారంతో ఎందుకు అడగొద్దు? అమ్రాబాద్ చెంచు పెంటల తేనె ఎందుకు ఉండొద్దు? రొట్టె ముందే కాల్చి పెట్టుకోవచ్చు, కూర వేడిగ పెట్టొచ్చు. అది కూడా మూడు నిమిషాల పనే. దరఖాస్తు రాసుడు మన అమ్మలకు రాదు. మనకు వస్తది. చదువు అందుకే కదా.

అయితే మనమే దాచుకునే తిండిని ఇంకొకరు కొంటరా? అందుకే మేము ఒకటి అనుకున్నం. ఈసారి రైల్ల షాద్‌నగర్ దాటకముందే డబ్బా తీస్తం. పక్కోళ్లకు కూడా ఒక ముక్క పెడతం. అమ్మ ఫోన్ చేస్తే నిజమే చెప్తం.

మీరేమంటరు?