బజ్జీ బండికీ కులమేనా?

సాయంత్రం నాలుగయితే మన ఊళ్ల సెంటర్లలో మూకుడు కాగుతుంది. లావు మిరపకాయను నిలువునా చీల్చి, గింజ తీసి, వాము, ఉప్పు, చింతపండు నూరి కూరతారు. సెనగపిండిలో ముంచి నూనెలో వేస్తారు. కరకరలాడాలంటే పిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలపాలి. పకోడీకి నీళ్లు పెద్దగా పొయ్యక్కర్లేదు, ఉప్పేసి పిసికితే ఉల్లిపాయలో ఊరే తడే చాలు. ఇందులో దేవరహస్యం ఏమీ లేదు. మా పల్లె ఆడవాళ్లందరికీ వచ్చు.

మరి మా పల్లె మనిషి బండి సెంటర్లో ఎందుకు లేదు?

మిరప నారు నాటేది మన ఆడవాళ్లు. చేతులు మండుతున్నా కాయ కోసేది వాళ్లే. కల్లంలో ఆరబోసి తాలు ఏరేదీ వాళ్లే. అప్పుడు అంటని మైల, అదే చెయ్యి అదే కాయను నూనెలో వేస్తే అంటుతుందంట! ఇదెక్కడి శాస్త్రం?

మా పల్లెలో ఒక అక్క పొదుపు సంఘం అప్పుతో బండి పెట్టింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "మీ పల్లెలోనే పెట్టుకోవే, బాగా నడుస్తది" అన్నారు. మూడు రోజులు పిండి మిగిలింది. నాలుగో రోజు బండి ఇంటికొచ్చింది.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ మూడు రోజులూ మన కుర్రాళ్లు ఎక్కడ తిన్నారు? పాత బండి దగ్గరే. రెండు గ్లాసుల పద్ధతి మీద పోట్లాడిన మనమే అక్క బండి దగ్గర ఆగలేదు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి, మనల్ని వ్యాపారం చేసుకోనివ్వకపోవడాన్నీ, సాంఘిక, ఆర్థిక బహిష్కరణనూ నేరాల్లో చేర్చారు. అడ్డుకుంటే కేసు పెట్టొచ్చు. కానీ నోరెత్తకుండా పక్క బండికి పోయేవాణ్ణి ఏ కోర్టులో నిలబెడతాం? అక్కడ సంఘమే నిలబడాలి.

అందుకే మేం అడిగేది ఇదీ. బండి సెంటర్లోనే పెట్టిద్దాం, చోటు కోసం పంచాయతీకి అర్జీ ఇద్దాం. సంఘం మీటింగు రోజు అందరం అక్కడే తిందాం. మాల బండి, మాదిగ బండి అని మనలో మనం ముఖం తిప్పుకోవద్దు.

1927లో మహద్ చెరువు దగ్గర అంబేద్కర్, ఆయన వెంట నడిచినవాళ్లు దోసెడు నీళ్లతో చేసిన పనిని, మనం పొట్లం బజ్జీలతో చెయ్యలేమా?

జై భీమ్!